ఎదురుపీట

నాగశిరీషకి ఏడాదిగా ఒకటే దిగులు. బుల్లెబ్బాయి మాస్టారి దగ్గర మేకప్పు నేర్చుకుంటోందన్న మాటే గానీ, తన మొహం మీద తప్ప ఇంకో మొహం మీద ఆయన చెయ్యి వెయ్యనివ్వలేదు.

ఇంకెప్పుడు మాస్టారూ అని అడిగితే, "తొందరేముంది అమ్మడూ, నీ మొహం ఇంకా అయిపోలేదుగా" అనేవారు.

మాస్టారు ఒకప్పుడు నాటకాల కంపెనీలో ఆడవేషాలు కట్టిన మనిషి. నలభై ఏళ్ళు ఊరూరా రాణిగా తిరిగారు. కంపెనీ ఎత్తేశాక నరసాపురంలో లేసు దుకాణాల వీధిలో ఒక ముందుగది తీసుకుని, పెళ్ళికూతుళ్ళకీ కాలేజీ ఫంక్షన్లకి వెళ్ళే పిల్లలకీ మేకప్పు వేస్తున్నారు. గదిలో నిలువుటద్దం ఒకటి, రెండు చెక్క పీటలు, మేకప్పు సామాను ఉండే రంగు పోయిన రేకు పెట్టె. ఆ అద్దమైనా వచ్చేవాళ్ళు అడుగుతారని పెట్టిందే. ఆయన మాత్రం ఎప్పుడూ దానికి వీపు పెట్టే కూర్చునేవారు.

వాళ్ళ కంపెనీలో అద్దాలు ఉండేవి కావట. ఇద్దరు వేషగాళ్ళు రెండు పీటలేసుకుని, మోకాలికి మోకాలు తగిలేలా కూర్చుని, వీడి మొహం వాడూ వాడి మొహం వీడూ దిద్దుకునేవారట. అలా ఎదురుగా కూర్చునేవాణ్ణే ఎదురుపీట అనేవారు. మాస్టారి ఎదురుపీట జోగినాథం. ఎప్పుడూ రాజు వేషమే. ఆయన పోయి పదేళ్ళయింది. అప్పట్నించీ మాస్టారి మొహం మీద ఇంకొకరి చెయ్యి పడలేదు. ఊళ్ళో అందరినీ ముస్తాబు చేసే మనిషి, తను మాత్రం కాస్త పౌడరన్నా అద్దుకోరు.

ఈ సంగతి విన్న రోజున శిరీష పంటు ఎక్కి గోదావరి దాటుతున్నంతసేపూ ఏడ్చింది. ఆ రాణీ ఆ రాజూ కళ్ళముందు కదిలారు. కాజల్ గడ్డం దాకా కారింది. ఇంటికెళ్తే అమ్మ చూసి, నిన్నెవరు కొట్టారే అని చీపురు పట్టుకుని లేచింది.

శిరీషది అవతలి ఒడ్డు. ఫ్యాన్సీ షాపులో ఏ కొత్త సీసా చూసినా దాని మనసు గాల్లో తేలిపోయేది. ఇది రాసుకుంటే ఇంక నేను నేను కాదు అనుకునేది. అన్నట్టే అయ్యేది కూడా.

మొదట ఫౌండేషన్. షాపులో ట్యూబులైటు కింద మణికట్టు మీద రాసుకుంటే పాలమీగడలా కలిసిపోయింది. మర్నాడు పంటు మీద ఎండలోకి వచ్చేసరికి మొహం ఒక మనిషిదీ మెడ ఇంకో మనిషిదీ అయ్యాయి. టిక్కెట్లిచ్చే వీర్రాజు దగ్గరికొచ్చి, ఏమ్మా, ఇంట్లో సున్నాలేస్తున్నారా అని అడిగాడు. వెటకారానికి కాదు, నిజంగానే అడిగాడు.

తర్వాత లిప్‌స్టిక్. డబ్బా మీద గులాబీ రంగు. పెదాల మీదికొచ్చాక వక్కాకు నమిలిన రంగు. అది పెదవి మీద కంటే ముందుపళ్ళ మీదే ఎక్కువసేపు నిలిచింది. అమ్మ మజ్జిగ గ్లాసు అంచు చూసి, చిగుళ్ళు గానీ వాచాయా అని కంగారుపడి లవంగం తెచ్చిచ్చింది.

ఐలైనర్ సంగతైతే చెప్పుకోకూడదు. కుడికంటికి సన్నగా ఒక తోక దిద్దింది. ఎడమకంటికి దిద్దితే అది కాస్త పొడుగైంది. కుడిది సరిచేస్తే అది ఇంకా పొడుగైంది. దీన్ని దానికీ దాన్ని దీనికీ సరిచేసుకుంటూ పోతే తోకలు రెండూ చెవుల దాకా వెళ్ళాయి. అమ్మ వాకిట్లోంచే చూసి "డూడూ బసవన్నా" అంది.

అయినా పిల్ల వదల్లేదు. దసరా వచ్చేసరికి చెయ్యి నిలబడింది. దేని మీద ఏది రాయాలో, ఏది ఎంతసేపు ఆరాలో కంఠతా వచ్చింది. షేడ్ల నంబర్లు నిద్రలో లేపి అడిగినా చెప్పేది. పంటు మీద కాలేజీ పిల్లలు చుట్టూ చేరి, అక్కా, ఏ కంపెనీది అని అడుగుతుంటే మబ్బుల్లో నడిచినట్టుండేది.

ఒక్కటే లోటు. కళ్ళు రెండూ ఒక్కలా రావు. ఎంత దిద్దినా వెంట్రుకవాసి తేడా ఉండిపోతుంది.

ఓ రోజు ఆ మాటే మాస్టారిని అడిగింది. ఆయన దాని కళ్ళవంకైనా చూడలేదు.

"మీ అమ్మకి పుట్టుమచ్చ ఉందా?"

"ఉంది మాస్టారూ. బుగ్గ మీద."

"ఏ బుగ్గ?"

శిరీష చెయ్యి తన కుడి బుగ్గ మీదికి వెళ్ళింది, అక్కణ్ణించి ఎడమ బుగ్గ మీదికి వెళ్ళింది.

"చూసి రా" అన్నారాయన.

ఇంటికి వెళ్ళేదాకా గుర్తుంది. వెళ్ళాక కొత్తగా కొన్న మస్కారా మూత తీసింది, ఆ మాట మర్చిపోయింది.

ఆ వారంలోనే మంగతాయారు వచ్చింది. పక్క వీధిలో లేసు అల్లే మనిషి, యాభై దాటాయి. ఆవిడ పెళ్ళినాటి ఫొటో మొన్నటి తుఫానుకి తడిసి ముద్దయిపోయిందట. ఆలుమగలు కలిసి దిగిన ఫొటో ఇంట్లో ఇంకొకటి లేదు. అందుకని ఇవాళ స్టూడియోకి వెళ్తున్నారు. ఆవిడ పెనిమిటి పల్లాలరావు ఇస్త్రీ చొక్కా వేసుకుని, లోపలికి రావడానికి మొహమాటపడి వీధిలో సైకిలు పట్టుకుని నిలబడ్డాడు.

"ఏదో కొంచెం రాయండి మాస్టారండీ" అందావిడ. "మరీ ఎక్కువైతే జనం నవ్విపోతారు."

మాస్టారు తన పీట మీంచి లేచారు.

"అమ్మడూ, నువ్వు చెయ్యి. ఈ మొహం కుదిరిందా, పెట్టె నీది. కుదరలేదా, మళ్ళీ నీ మొహమే. పాపం, దానికి ఎప్పుడు మోక్షమో."

మొదటి మొహం. దాని చేతికి అప్పగించిన మొట్టమొదటి మొహం.

మంగతాయారుని అద్దం వైపు తిప్పి కూర్చోబెట్టింది. తను వెనకాల నిలబడింది. మొహం అంటే దానికి అద్దంలో ఉండేదే మరి, ఏడాదిగా అలాగే చూసింది. ఆవిడ భుజం మీంచి అద్దంలోకి చూస్తూ, నేర్చుకున్నదంతా ఒక్కటీ మర్చిపోకుండా చేసింది. కంటికింద నలుపు పోయింది. నుదుటి గీతలు పోయాయి. ఎడమకన్ను కాస్త చిన్నదిగా కనిపిస్తే పైన గీత లావు చేసి కుడికంటితో సమానం చేసింది. ఇన్నాళ్ళకి, ఇదిగో, రెండు కళ్ళూ ఒక్కలా వచ్చాయి. తన పని చూసుకుని తనే మురిసిపోయింది.

మంగతాయారు అద్దంలోకి చూసి, బాగుందమ్మా, దొరసానిలా ఉన్నాను అంది. చెంగు సర్దుకుని గడప దాటింది.

వీధిలో పల్లాలరావు తలెత్తి ఒక్క క్షణం చూశాడు. వెంటనే మర్యాదగా తల దించుకున్నాడు. సైకిలు పక్కకి లాగి ఆవిడకి దారి ఇచ్చాడు. ఇచ్చి, ఆవిడ వెనకాల ఉన్న గుమ్మం వైపు చూస్తూ నిలబడ్డాడు, తన పెళ్ళాం ఎప్పుడొస్తుందా అని.

"ఏవండీ" అంది మంగతాయారు.

ఆయన ఉలిక్కిపడ్డాడు. "నువ్వా?"

ఇద్దరూ నవ్వుకున్నారు. లేసు దుకాణం వాళ్ళు కూడా నవ్వారు. పోనిద్దురూ, ఎవరో దొరసానితో ఫొటో దిగానని అందరికీ చెప్పుకుందురు గానీ అని ఆవిడే హాస్యమాడింది. కానీ మాట్లాడుతున్నంతసేపూ ఆవిడ చెయ్యి చెంగుతో బుగ్గ కప్పుకుంటూనే ఉంది. అది శిరీష చూసింది.

మాస్టారు గుమ్మంలోకి వచ్చారు. ఆలుమగలిద్దరినీ లోపలికి పిలిచారు. చెంబుతో నీళ్ళూ తువ్వాలూ తెచ్చి శిరీష చేతికిచ్చారు.

"కడుగు."

శిరీష కడిగింది. కళ్ళనీళ్ళు ఆపుకుంటూ, తన చేతుల్తోనే ఆవిడ మొహం కడిగింది. ఆవిడ కళ్ళు మూసుకుని పసిపిల్లలా మొహం అప్పగించింది. కంటిచివర గీతలు వేళ్ళకి తగిలాయి, నీళ్ళు పోతే ఇసకలో పడే చారల్లాగా.

ఈలోపు మాస్టారు రేకు పెట్టె అడుగునుంచి పాత నాటకం తెర ముక్క తీసి అద్దానికి కప్పేశారు. పీటలు రెండూ మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరగా జరిపారు. మంగతాయారుని ఒకదాని మీద, శిరీషని ఒకదాని మీద కూర్చోమన్నారు. శిరీష అలవాటుగా పెట్టె వైపు చెయ్యి చాపింది. ఆయన మూత మీద అరచెయ్యి పెట్టారు.

"ఊరికే కూర్చో."

"ఎంతసేపు మాస్టారూ?"

"ఆవిడ నిన్ను చూసి నవ్వేదాకా."

కాసేపు ఇద్దరికీ ఎక్కడ చూడాలో తోచలేదు. మంగతాయారు దాని గాజులు చూసింది. అది ఆవిడ మెట్టెలు చూసింది. తర్వాత ఆవిడే, మీదే ఊరమ్మా అని మొదలుపెట్టింది. శిరీష చెప్పింది. మీ అమ్మ ఏం చేస్తుందని అడిగింది. అంతే, లవంగం సంగతీ డూడూ బసవన్న సంగతీ ఎలా బయటికొచ్చాయో శిరీషకే తెలీదు, వచ్చేశాయి.

మంగతాయారు పకపకా నవ్వింది. నవ్వితే ఆవిడ ఎడమకన్ను మూసుకుపోయింది. ముప్పై ఏళ్ళు లేసు సూది వైపు ఒంటికన్నుతో చూసి చూసి చిన్నదైన కన్ను అది. కుడికన్ను నవ్వి ఊరుకుంటే, ఎడమది ఇంకా కాసేపు నవ్వుతూనే ఉంది.

గుమ్మం దగ్గర నిలబడ్డ పల్లాలరావు గొంతు సవరించుకున్నాడు.

"దానికి కాటుక ఇటుపక్క కొంచెం చెదిరేదండి" అన్నాడు. "చేతిలో సూది ఉంటాది కదండీ. చెమట పడితే మణికట్టుతో ఇలా తుడుచుకునేది. నేను మొదట చూసింది అలాగేనండి."

మంగతాయారు ఆయనవైపు తిరిగి చూసింది. ఈ ముక్క ఇన్నేళ్ళలో ఎప్పుడూ చెప్పలేదేం అన్నట్టు చూసింది.

మాస్టారు మూత మీంచి చెయ్యి తీశారు.

శిరీష పెట్టెలోంచి కాటుక ఒక్కటే తీసింది. చిన్నకంటికి చిన్నగానే, పెద్దకంటికి పెద్దగానే పెట్టింది. ఎడమకంటి చివర ఉంగరపు వేలితో ఒక్కసారి చెదిర్చింది. నుదుటి మీద కాస్త పౌడరు అద్ది లేచింది.

పల్లాలరావు చూశాడు. వీధిలోకి వెళ్ళి, స్టాండు వేసి ఉన్న సైకిలుకే మళ్ళీ స్టాండు వెయ్యబోయాడు. తర్వాత తేరుకుని, క్యారియరు మీద కూర్చోమన్నాడు. ఈ వయసులోనా, జనం చూస్తారు అంటూనే ఆవిడ కూర్చుంది. సైకిలు వంకర్లు పోతూ వీధి మలుపు తిరిగింది. వాళ్ళు కనుమరుగయ్యేదాకా శిరీష గుమ్మంలోనే ఉండిపోయింది.

లోపలికొచ్చాక పెట్టె వైపు చూడ్డానికి ధైర్యం చాల్లేదు.

"మొదటిసారి కుదరలేదు కదా మాస్టారూ. పెట్టె నాది కాదు కదా."

"రేపు రా" అన్నారాయన.

మర్నాడు పొద్దున్నే శిరీష పంటు ఎక్కింది. వీర్రాజు టిక్కెట్టు ఇస్తూ ఆగి, ఏమ్మా, ఒంట్లో బాగాలేదా అని అడిగాడు. ఇవాళ ఏమీ రాసుకోలేదు అంది. అదన్నమాట అని ఆయన తృప్తిగా వెళ్ళిపోయాడు.

గదిలో అద్దం మీద తెర అలాగే ఉంది. మాస్టారు పీట మీద కూర్చుని కాఫీ తాగుతున్నారు.

శిరీష చెప్పులు విడిచి లోపలికొచ్చింది.

"ఎడమ బుగ్గ మాస్టారూ."

ఆయన గ్లాసు దించారు.

"కిందికి, దవడ దగ్గరికి ఉంటుంది. నవ్వితే గీతలోకి వెళ్ళిపోతుంది. ఇంతకుముందు ఒక్కసారీ చూడలేదు."

మాస్టారు కాఫీ తాగడం పూర్తి చేశారు. గ్లాసు కడిగి బోర్లించారు. తువ్వాలుతో మొహం తుడుచుకున్నారు. తర్వాత రెండో పీట కాలితో దగ్గరికి లాగి, దాన్ని కూర్చోమని సైగ చేశారు. మోకాలికి మోకాలు తగిలింది. రేకు పెట్టె తెచ్చి దాని ఒళ్ళో పెట్టారు.

కళ్ళు మూసుకుని, పదేళ్ళ తర్వాత ఇంకొకరికి మొహం అప్పగించారు.

"మీసం జోలికి రాకు" అన్నారు. "నలభై ఏళ్ళు లేనిది, ఇప్పుడు పెంచుకున్నాను."

శిరీష నవ్వింది. పెట్టె మూత తియ్యలేదు. చేతులు మూత మీద పెట్టుకుని, ఆయన్నే చూస్తూ కూర్చుంది.