ఎర్ర ఉత్తరీయం ఎవరికి?

దీపం పెట్టాక మా నాయనమ్మ చెప్పిన కథ ఇది. గగనపురి రాజు ఆకాశంలో ఎగరగలవాడు. రాక్షసుల మీదికి వెళ్లి ఏడాదైనా ఆయన తిరిగి రాకపోయేసరికి మంత్రి ఒక వర్గం, సేనాపతి ఒక వర్గం కట్టారు. రాజుగారి బట్టలుతికే సూరమ్మ కోట బురుజు మీద ఎర్ర ఉత్తరీయం ఎవరికి కప్పితే వాళ్లే అక్కడ రాజు.

"నాకు కప్పకపోతే నీ తల ఉండదు," అన్నారు ఇద్దరూ బురుజెక్కి.

సూరమ్మ ఉత్తరీయం చేతిలోకి తీసుకుంది. "చిత్తం బాబూ. కప్పగానే ఇక్కణ్నించి దూకి ఊరి మీద ఎగరడం ఆనవాయితీ కదా, జనం కింద కాచుకుని ఉన్నారు. ముందెవరికి కప్పను?"

మంత్రి కిందికి తొంగి చూశాడు. "సేనాపతిగారే పెద్దవారు."

"అయ్యో, తమరుండగా నేనా!" అన్నాడు సేనాపతి.

రాజు తిరిగొచ్చేనాటికి ఉత్తరీయం గంజి మడత నలగకుండా దండెం మీదే ఉంది.