నూకరాజు తన తోరము తానే కట్టుకొన్న కథ

పూర్వము ధృతవ్రతుడను ముని విశోక మహామునిని జూచి, "స్వామీ, మత్తుకు దాసుడైనవాడు ఏ వ్రతము చేసిన బయటపడును?" అని అడిగెను. విశోకుడు ఇట్లు చెప్పెను.

గోదావరి లంకలో నూకరాజను పడవవాడు ఉండెను. ఒక చేత పడవ నెట్టు గెడ పట్టుకొని, రెండవ చేతితోను పళ్ళతోను పడవతాడు ముడివేయగల నేర్పరి. కల్లుకుండ కనబడిన ఆ నేర్పంతయు మరచును. భార్య పైడితల్లి రేవు గంగమ్మకు ఉపవాసముండి, అతడు నిద్రపోవుచుండగా చేతికి తోరము కట్టెను. అతడు లేచి, నన్నడిగి కట్టిందా అని విప్పి, కల్లుపాకకు పోయెను.

మరుసటి ఏడు నూకరాజు పూజారిచేత తోరము కట్టించుకొనెను. నేస్తులు పిలిచిరి. పోకున్న బాగుండదని పడవ కట్టకయే పాకకు పోయెను. ఆ పడవలో కూతురు చిట్టెమ్మ నిద్రించుచుండెను. వరద పడవను లాగుకొనిపోయెను. జాలరులు ఇసుకతిప్ప వద్ద బిడ్డను కాపాడిరి. నాటినుండి అతని పడవ ఎవరును ఎక్కరైరి.

నూకరాజు నేస్తులను తిట్టెను, శనిని తిట్టెను, తాడును సైతము తిట్టెను.

"తాడు దానంతటది ఊడలేదు మావా. నువ్వు కట్టలేదు. ఇంక నీ కోసం నేను ఉపాసాలు ఉండను," అని పైడితల్లి బిడ్డతో ఆవలి ఒడ్డున పుట్టింటికి పోయెను.

అప్పుడు గంగమ్మ ముసలమ్మ రూపున రేవుకు వచ్చెను. నూకరాజు ఆమెను గుర్తెరిగి కాళ్ళపై బడి, తోరము కట్టి కాపాడుమని వేడెను.

"పడవ కట్టడానికి ఎవర్ని పిలుస్తావురా?"

"ఎవర్నీ లేదమ్మా. ఒంటిచేత్తో నేనే కట్టేత్తాను."

"ఇదీ అంతే," అని ఆమె పసుపుదారము అతని ఒడిలో పడవేసి వెళ్ళెను.

అతడు దారపుకొస పళ్ళతో పట్టి, ఒంటిచేతితోనే ముడి బిగించెను. కల్లు మానగా చెమటలు, జ్వరము వచ్చినవి. తానే పోయి వైద్యుని సాయమడిగెను. ఉగాదినాడు నిగ్రహము తప్పి తాగెను, తోరము తెగెను. వ్రతము చెడెనని ఊరివారు నవ్విరి. అతడు ఎవరిని తిట్టక, మరల దారము తెచ్చి కట్టుకొనెను.

మరుసటి వరదలకు పైడితల్లి బిడ్డతో తిరిగి వచ్చెను. చిట్టెమ్మ ముందు తాడు లాగి చూచి, పిమ్మట పడవ ఎక్కెను.

కల్లు తాగువారు, నల్లమందు మింగువారు, రేపటినుండి మానెదమనువారు ఈ వ్రతము చేయవలెను. భార్య చేసిన భర్తకు, తల్లి చేసిన కొడుకునకు ఫలము రాదు. గంజి కాచి పోయవచ్చు, వైద్యుని వద్దకు తోడు పోవచ్చు, ముడి మాత్రము ఎవరిది వారే వేసుకొనవలెను. తెగిన మరల వేసుకొనవలెను. సిరులు కలుగునో లేదో గాని, కట్టిన పడవ తెల్లవారి రేవుననే యుండును.

విన్నవారు అక్షతలు తలపై వేసుకొని, దారము తమ చేతనే అందుకొందురు గాక.