గువ్వ చీకట్లో ఉండిపోయిన ఆట

నేను ఇంతకు ముందు ఏమీ రాయలేదు. సరుకుల చీటీ తప్ప. చదివింది ఐదో తరగతి. తప్పులుంటే దిద్దుకుని చదవండి.

నా పేరు ఓబులమ్మ. అంగన్‌వాడీలో ఆయాను. ఆదివారం మధ్యాహ్నాలు చిదంబరయ్య సార్ ఇంట్లో ఆటకు పోతాను. సార్ ముప్పై ఏళ్లు మా పక్క గుహల్లో జనాన్ని తిప్పి చూపించే పని చేశారు. ఉద్యోగం అయిపోయాక బల్ల మీదే గుహలు పెట్టారు. ఎవరి మనిషిని వాళ్లు కల్పించుకుంటాం. సార్ చెప్పే చీకటి దారుల్లో పోతాం. ఏదైనా చేయబోతే ఇరవై ముఖాల పాచిక వేస్తాం. పెద్ద అంకె పడితే అవుతుంది, లేకపోతే లేదు.

సార్ గొంతు తగ్గిస్తే కాళ్ల కింద తడి తగిలినట్టుంటుంది. పైన తిరిగే ఫ్యాను ఎక్కడో నీళ్లు పడుతున్నట్టు వినిపిస్తుంది. గోడలు దూరం జరుగుతాయి.

మేం ముగ్గురం. లైన్‌మన్ కుళ్ళాయప్ప కత్తి తీసుకున్నాడు. జిరాక్స్ షాపు షంషాద్ తాడు మీద నడిచే పిల్లను కల్పించుకుంది. దాని పేరు గువ్వ. బల్ల మీదున్న గళ్ల పలక మీద దాని గుర్తుగా నీలం గుండీ పెడుతుంది. "నాకు మాట్లాడే పని లేనిది ఏదైనా ఇవ్వండి సార్" అన్నాను నేను. సార్ నవ్వి దీపం పట్టుకునే పని ఇచ్చారు.

దీపం వెలుగు నాలుగు గళ్లు. అంతవరకే సార్ పలక మీద సుద్దతో గుహ గీస్తారు. మేం ముందుకు పోతే వెనకది తడిగుడ్డతో తుడిచేస్తారు. నా దగ్గర డబ్బా మూతలో చింతగింజలు ఉంటాయి. అవే నూనె. సార్ బల్ల మీద ఒకసారి తడితే గుహలో కొంత పొద్దు గడిచినట్టు. ఒక గింజ తీసి పక్కన పెట్టాలి.

ఆ రోజు దారిలో పెద్ద గొయ్యి వచ్చింది. గువ్వ తాడు మీద అవతలికి పోయింది. అక్కడి గూట్లో ఏముందో చూడమని కుళ్ళాయప్ప, వద్దు పాములుంటాయని షంషాద్. ఇద్దరూ ఒకటే నవ్వులు. సార్ తట్టారు. మూతలో ఒక్క గింజ మిగిలింది.

నూనె అయిపోతోంది, వెనక్కి రా అని చెప్పాలి. వాళ్ల మాటల మధ్య కాస్త సందు దొరికితే చెబుదామని చూస్తూ కూర్చున్నాను. సందు దొరకలేదు. సార్ మళ్లీ తట్టారు. ఆఖరి గింజ తీసి పక్కన పెట్టాను.

సార్ పలక మొత్తం తుడిచేశారు.

"చీకటి" అన్నారు.

నల్లటి పలక మీద, గొయ్యి అవతలి వైపు, నీలం గుండీ ఒక్కటే ఉండిపోయింది. దాన్ని కూడా తీసి సొరుగులో వేశారు. షంషాద్ నా మూత వైపు చూసింది.

"అక్కా, నీకు తెలుసు కదా."

రెండేళ్లుగా పెంచుకున్న గువ్వ. షంషాద్ లేచి చెప్పులేసుకుని వెళ్లిపోయింది.

తర్వాతి రెండు ఆదివారాలు రాలేదు. నేను షాపు ముందు నుంచి పోతే కాగితాలు సర్దుకుంటూ ఉండిపోయేది. సార్ మాత్రం, "వచ్చే ఆదివారం దాకా చూస్తా. అప్పటికీ గువ్వ రాకుంటే ఆ గుహ మూసేస్తా" అన్నారు.

శనివారం మధ్యాహ్నం నేను మూత, గింజలు పట్టుకుని సార్ ఇంటికి పోయాను.

"దీపం కుళ్ళాయప్పకియ్యండి సార్. నాతో కాదు."

సార్ గింజలు తీసుకుని జేబులో వేసుకున్నారు. పలక తెచ్చి నా ముందు పెట్టారు. దాని మీద ఏమీ లేదు.

"యాడుండావు?"

ఒక మూల వేలు పెట్టాను.

"గువ్వ?"

"తెలీదు సార్."

సార్ బల్ల తట్టారు. అలవాటుగా నా చెయ్యి గింజ కోసం పోయింది. మూత ఖాళీ. కాసేపు ఆగి మళ్లీ తట్టారు.

"నూనె లేదు కదా సార్, ఎందుకు తట్టడం?"

"నూనె లేకుంటే పొద్దు గడవదా? ఆ పాపకి గూడా గడుస్తాంది."

మళ్లీ తట్టారు. ఫ్యాను తిరుగుతోంది. ఎక్కడో నీళ్లు పడుతున్నాయి. నాకు గొయ్యి అవతల ఎవరో మోకాళ్లు ముడుచుకుని, తాడు కొస పట్టుకుని కూర్చున్నట్టనిపించింది. ముఖం కనపడలేదు. ఇటే చూస్తోందో లేదో తెలియలేదు.

"గువ్వా" అన్నాను.

సార్ సుద్దముక్క పట్టుకుని అలాగే ఉన్నారు. "నాకే వినపల్లేదు" అన్నారు.

ఇంకొంచెం గట్టిగా పిలిచాను. నా వేలి పక్కనుంచి సుద్ద బెత్తెడు దూరం గీత గీసి, నా గొంతు అంతవరకే పోయినట్టు, ఆగింది. సార్ తల ఎత్తలేదు. బల్ల తట్టారు.

ఎప్పుడు లేచి నిలబడ్డానో నాకు తెలియదు.

"గువ్వా, నేనీడుండా. నువ్వు ఆడ్నే ఉండు. కదలొద్దు. నా మాట వింటా ఉండు."

సుద్ద కదిలింది. ఒక గడి, రెండు, నాలుగు గళ్లు దాటింది. గొయ్యి ఉన్న చోటు దాటింది. పలక అంచు దాటి, చెక్క దాటి, బల్ల మీద తెల్లగా పోతూనే ఉంది.

వంటింట్లోంచి సార్ భార్య గరిటెతో పరిగెత్తుకొచ్చింది. "ఏమైంది? ఎవరు పడినారు?"

"ఎవరూ పళ్లేదు. ఓబులమ్మ పిలుస్తాంది."

"అదేం పిలుపు? నాకు గుండె ఆగినంత పనైంది." అప్పుడామె బల్ల చూసింది. "ఈ సుద్దంతా ఎవరు తుడవల్ల?"

"తుడవొద్దు" అన్నారు సార్. "రేపటిదాకా ఉండనీ."

జేబులోంచి గింజలు తీసి నా మూతలో పోశారు.

తెల్లారి బస్టాండు కాడికి పోయాను. ఆదివారం కదా, షంషాద్ షాపు ఒక పూటే తీస్తుంది. రోడ్డుకు అవతల షట్టరు పైకి లేపుతోంది. మధ్యలో బస్సులు, ఆటోలు. మునుపైతే రోడ్డు ఖాళీ అయ్యేదాకా చూస్తూ నిలబడేదాన్ని.

బస్సు పోతుండగానే, చేతులు నోటికి అడ్డం పెట్టుకుని, "గువ్వా, నేనీడుండా" అని అరిచాను.