ఎవరూ పట్టుకోని చెయ్యి

అనగనగా ఒక లంక. రావణాసురుడి లంక కాదే అమ్మడూ, గోదారి మధ్యలో ఇసక మేటేసిన లంక. ఆ లంకలో ఒకటే ఇల్లు. ఆ ఇంట్లో ఒకటే మనిషి. ఆవిడ పేరు ఆదెమ్మ. కాళ్ళు ఆడించకుండా పడుకుంటేనే చెప్తాను. ఆఁ, అలాగ.

ఆదెమ్మది గొప్ప హస్తవాసి. హస్తవాసంటే ఏంటంటావా? కొందరు చెయ్యేస్తే చచ్చిపోయే మొక్క కూడా బతుకుతుంది చూడు, అదీ. మీ తాతయ్య చెయ్యేస్తే బతికే మొక్క చచ్చేదిలే, ఆ సంగతి వదిలెయ్.

ఒంట్లో బాగాలేనివాళ్ళు అవతలి ఒడ్డున పడవెక్కి ఆదెమ్మ దగ్గరికి వచ్చేవారు. ఆవిడ వాళ్ళ మణికట్టు పట్టుకుని కళ్ళు మూసుకునేది. నోరు చెప్పేది కాదు, చెయ్యి చెప్పేది వినేది. అన్నం ఉడికినంతసేపు అలాగే కూర్చునేది. ఆ తర్వాత కళ్ళు తెరిచి ఎవరికేం కావాలో చెప్పేది.

ఒకరోజు పొద్దున్నే ముగ్గురు ఒకే పడవలో వచ్చారు. ముగ్గురిదీ ఒకటే బాధ. నిద్ర పట్టదు.

ముందు వీర్రాజనే రైతు చెయ్యి చాపాడు. ఆదెమ్మ పట్టుకుని చూసి, "నీకు మందేం లేదు నాయనా. మీ తమ్ముడింటికెళ్ళి ఒక పూట భోంచెయ్యి" అంది. పొలంగట్టు తగాదాతో అన్నదమ్ములిద్దరికీ మాటల్లేవని ఆయన చెప్పనేలేదు. మరి ఆవిడకెలా తెలిసిందీ అంటే నాకేం తెలుసు, నేనేమైనా ఆదెమ్మనా?

అప్పుడు మాణిక్యమనే కొత్త కోడలు చెయ్యి చాపింది. ఆదెమ్మ ఆ పిల్లని వదిలేసి తోడొచ్చిన అత్తగారి వైపు తిరిగింది. "దీనికి ఆకలి, వదినా. కొన్నాళ్ళు ముందు దీనికి పెట్టి, తర్వాత నువ్వు తిను" అంది. అత్తగారి మొహం మాడిపోయింది గానీ, పాపం, మాట కాదనలేదు.

ఆ తర్వాత గేదెలు కాసుకునే సూరయ్య వచ్చాడు. ఆయన చెయ్యి పట్టుకున్న వెంటనే ఆదెమ్మ లేచి నిలబడింది. "ఇది నా చేతికి అందేది కాదు బాబాయ్. నీ గుండె తడబడుతోంది. ఈ పడవలోనే వెళ్ళి పెద్దాసుపత్రిలో చూపించుకో" అని రేవు దాకా తనే నడిపించుకెళ్ళింది. తెలియనిది తెలియదని చెప్పడం కూడా హస్తవాసేనే తల్లీ.

ఇప్పుడొక సంగతి చెప్తాను, విను. మనం ఎవరింటి నుంచైనా బయల్దేరితే ఏమంటాం? వెళ్తాను అనం. వెళ్ళొస్తాను అంటాం. కానీ వైద్యం చేసిన ఇంటి దగ్గర ఆ మాట అనకూడదని అక్కడ ఆచారం. అలా అంటే మనిషితో పాటు రోగం కూడా తిరిగొస్తుందట. వెనక్కి తిరిగి చూడకూడదు కూడా. అందుకని అందరూ గబగబా వెళ్ళి పడవెక్కేసేవారు. ఆదెమ్మ కూడా మొహం పక్కకి తిప్పుకుని నిలబడేది, వాళ్ళకి ఇబ్బంది లేకుండా.

నయమైనవాళ్ళు మళ్ళీ ఆ గడప తొక్కేవారు కాదు. పెళ్ళికి పిలిచేవారు కాదు, పేరంటానికి పిలిచేవారు కాదు. ఆవిడంటే ఇష్టం లేక కాదు, రోగమంటే భయం. అందువల్ల ఎవరికి నిద్ర పట్టిందో, ఎవరికి పట్టలేదో, ఎవరు బతికారో, ఎవరు పోయారో ఆదెమ్మకి ఎప్పుడూ తెలిసేది కాదు.

ఆవిడ గుప్పెడు బియ్యం వండుకునేది. నీళ్ళకి వెళ్తూ గుమ్మంలో నిలబడి, ఖాళీ ఇంటితో "వెళ్ళొస్తాను" అనేది. బిందె నింపుకొచ్చి, "వచ్చాను" అనేది. ఎవరూ పలికేవారు కాదు. నవ్వకే. అది నవ్వే సంగతి కాదు.

అలా రెండేళ్ళు గడిచాయి. ఒక చలికాలంలో ఆదెమ్మ కుడిచెయ్యి చల్లబడిపోయింది. ఎవరి మణికట్టు పట్టుకున్నా గోడని పట్టుకున్నట్టే ఉండేది, ఏమీ వినిపించేది కాదు. కానీ ఆవిడ అబద్ధమాడలేదు. "నా చేతికేం తెలియట్లేదమ్మా, డాక్టరు దగ్గరికి వెళ్ళండి" అని వచ్చినవాళ్ళని వచ్చినట్టే పంపేసింది.

ఆ చెయ్యి కుంపటి మీద కాచుకుంది. వెచ్చబడలేదు. ఆముదం రాసి గుడ్డ కట్టుకుంది. వెచ్చబడలేదు. చివరికి ఎడమచేత్తో తన మణికట్టు తనే పట్టుకుని కళ్ళు మూసుకుంది. ఎంతసేపు కూర్చున్నా ఏమీ తెలియలేదు. ఎవరి హస్తవాసి వాళ్ళకి పనిచెయ్యదుట.

ఈ కబురు ఒడ్డు దాటింది. పడవలు రావడం మానేశాయి. ఇరవై రోజులు ఆవిడ గొంతు ఆవిడొక్కతే విన్నది. ఈ చెయ్యి వెచ్చబడకపోతే ఇంక నా గుమ్మంలోకి మనిషన్నవాడు రాడు అనుకుని భయపడింది. పెద్దదై ఉండీ, ఒక్కతే కూర్చుని ఏడ్చింది.

అవతలి ఒడ్డున గవరమ్మని ఒక గాజులావిడ ఉండేది. చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగి ఆడవాళ్ళందరికీ గాజులేసేది. ఒకరోజు మాణిక్యానికి గాజులేస్తూ, "నీకు నయం చేసినావిడది ఏ సైజు చెయ్యే?" అని మాటవరసకి అడిగింది. మాణిక్యం తెల్లమొహం వేసింది. గవరమ్మ ఇంకొకరిని అడిగింది. తర్వాత ఇంకొకరిని. లావో సన్నమో, మెత్తటిదో గట్టిదో ఒక్కరూ చెప్పలేకపోయారు. అందరూ తమ చెయ్యి చాపినవాళ్ళే, ఆ చెయ్యి పట్టుకున్నవాళ్ళు ఒక్కరూ లేరు.

గవరమ్మకి పౌరుషం వచ్చింది. "నేను కొలవని చెయ్యి ఈ గోదారి మీదుందా!" అని గాజులు గుచ్చిన మలారం భుజానేసుకుని పడవెక్కింది. రోగం లేకుండా లంకకెందుకని పడవవాడు అడిగాడు. "నీకెందుకు, తెడ్డెయ్" అంది.

ఆదెమ్మ గుమ్మంలో మనిషిని చూసి అలవాటుగా, "ఏం బాధమ్మా?" అంది.

"నాకేం బాధ! దుక్కలా ఉన్నాను. నీ చెయ్యిటివ్వక్కా" అంది గవరమ్మ.

"ఈ వయసులో నాకు గాజులెందుకే?"

"వయసుకి వెయ్యను, చేతికేస్తాను. ఇవ్వు."

అప్పుడు గవరమ్మ ఆ చల్లని చేతిని తన ఒళ్ళో పెట్టుకుని మెల్లగా పిసకడం మొదలుపెట్టింది. గాజులెక్కించేవాళ్ళు కణుపు కణుపూ వదులు చేస్తారు కదా, అలాగ. చెయ్యి ఊరుకోదు, నోరూ ఊరుకోదు.

"వీర్రాజూ వాళ్ళ తమ్ముడూ ఆ గట్టు తీసేసి పొలం కలిపేశారక్కా. ఇద్దరూ ఒకే అరుగు మీద పడుకుని గురక పెడుతున్నారు, వీధిలో మాకు నిద్రలేదు" అంది. రెండు గాజులెక్కాయి.

"మాణిక్యానికి ఆడపిల్ల పుట్టింది. అత్తగారే ముద్దలు కలిపి పెడుతోంది. పిల్లకి నీ పేరే పెట్టుకున్నారు" అంది. ఇంకో రెండు గాజులెక్కాయి.

ఆదెమ్మ ముందుకి వంగి, "సూరయ్య?" అని మాత్రం అడిగింది.

"ఆసుపత్రిలో పది రోజులున్నాడు. ఇంకొక్క పూట ఆగితే దక్కేవాడు కాదన్నారట డాక్టర్లు. ఇందాకే నేను పడవెక్కుతుంటే ఒడ్డున గేదెల్ని తిడుతున్నాడు."

మూడోసారి రెండు గాజులెక్కాయి. చూస్తే ఆ చెయ్యి వెచ్చగా ఉంది. దాని మీద కన్నీళ్ళు పడుతున్నాయి. ఎవరివంటే, ఇద్దరివీను.

పొద్దు వాలుతుంటే గవరమ్మ మలారం సర్దుకుని లేచింది. ఆదెమ్మ అలవాటు ప్రకారం మొహం పక్కకి తిప్పుకుంది. గవరమ్మ గుమ్మం దాటి నాలుగడుగులు వేసి, ఆగి, వెనక్కి తిరిగింది.

"వెళ్ళొస్తానక్కా!" అంది.

ఆదెమ్మ హడలిపోయింది. "అనకే ఆ మాట! రోగమొస్తుంది!"

"రోగం సంగతి నాకు తెలీదు. నేను మాత్రం వస్తాను" అని వెళ్ళి పడవెక్కింది.

మళ్ళీ వచ్చిందా అంటావా? వచ్చింది. నెలకోసారి వచ్చేది, కబుర్లు మోసుకుని. రోగులూ మళ్ళీ వచ్చారు, ఎప్పటిలాగే చెప్పకుండా వెళ్ళారు. మిగతా రోజులు లంక ఖాళీగానే ఉండేది. అన్ని కథల్లోలాగా ఊరంతా తరలివచ్చిందని నేను చెప్పను. కానీ ఆదెమ్మ బిందెతో తిరిగొచ్చి "వచ్చాను" అన్నప్పుడు, చేతికున్న గాజులు గలగలమని పలికేవి.

కథేమో కంచికి,
పడవేమో రేవుకి,
గాజులేమో చేతికి,
అమ్మడేమో నిద్దరకి.

ఏదీ, నా చెయ్యి పట్టుకో. నిద్దరకి వెళ్ళేటప్పుడు కూడా చెప్పి వెళ్ళాలే. వెళ్ళొస్తాను అమ్మమ్మా, అని చెప్పు.