లోయకు అధికారి

మణిగిరి రాజు ఉదయాదిత్యుడికి ఒకరోజు పొద్దున్నే ఒక ఆలోచన వచ్చింది. తన రాజ్యంలో ఉన్నంత క్షేమమైన బాటలు భూమ్మీద ఇంకెక్కడా లేవని నాలుగు దిక్కులా చాటింపు వేయించాలి. పొరుగు రాజు తన ఏనుగుల గురించి అలాంటి చాటింపే వేయించాడని ముందురోజే విన్నాడు.

సభలో ఆ మాట అనగానే మార్గాధ్యక్షుడు గజపాణి లేచి నిలబడ్డాడు. రాజ్యంలోని బాటలు, వంతెనలు, బండ్ల రాకపోకలు అన్నీ ఆయన చేతికిందే ఉన్నాయి. పల్లకీ దిగకుండా తనిఖీలు చేయడంలో ఆయనది అందెవేసిన చెయ్యి.

"నేను పదవిలోకి వచ్చాక మన బాటల మీద ఒక్క ప్రమాదం జరగలేదు ప్రభూ."

"ఒక్కటి కూడానా?"

"ఒక్కటి కూడా."

రాజు మురిసిపోయాడు. "కాదనేవాళ్లు ఎవరైనా ఉంటే ఇప్పుడే చెప్పండి. లేకపోతే గజపాణిగారికి మార్గరత్న బిరుదు ఇచ్చి చాటింపు మొదలుపెట్టేద్దాం" అన్నాడు.

సభ వెనక నుంచి ఒక ఆడమనిషి లేచింది. పేరు నూకాలు. కొండకు ఆవలి ఊరి నుంచి నడిచి వచ్చింది.

"గద్దమలుపు దగ్గర మా ఆయన ఉప్పు బండి లోయలో పడిపోయింది దొరా. ఎద్దులు రెండూ చచ్చిపోయాయి. ఆయన తుంటి విరిగి మంచాన పడ్డాడు. మా ఒక్కళ్ల సంగతే కాదు, వానలొస్తే చాలు, అక్కడ ఎవరో ఒకరు జారిపోతానే ఉన్నారు. బాట అంచున గోడ కట్టించండి. నేనడిగేది అంతే."

రాజు గజపాణి వైపు చూశాడు. గజపాణి ఏమాత్రం తొణక్కుండా నూకాల్ని అడిగాడు.

"బండి ఎక్కడ పడిందమ్మా?"

"లోయలో బాబూ."

"మీ ఆయనకి దెబ్బ ఎక్కడ తగిలింది?"

"అక్కడే. కింద రాళ్ల మీద."

"విన్నారుగా ప్రభూ" అన్నాడు గజపాణి. "బాట మీద ఉన్నంతసేపూ ఆ బండికి ఏమీ కాలేదు. జరిగిందంతా బాట దాటాకే జరిగింది. లోయ నా శాఖ కాదు."

ఇందులో ఎక్కడో తిరకాసు ఉందని రాజుకు అనిపించింది. ఎక్కడుందో మాత్రం తెలియలేదు. పండితులు ఒకరి మొహం ఒకరు చూసుకుని, తర్కం బాగానే ఉందన్నట్టు తలలూపారు. నూకాలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది.

అప్పటిదాకా రాజు పక్కన కూర్చుని వక్క నములుతున్న బయ్యన లేచాడు. రాజుకు పొద్దుపోయేలా కబుర్లు చెప్పడం అతని ఉద్యోగం.

"గజపాణిగారు చెప్పింది అక్షరాలా నిజం ప్రభూ. బాటది తప్పు కాదు. తప్పంతా లోయది."

నూకాలు అతనికేసి నమ్మలేనట్టు చూసింది. బయ్యన నోట ఏనాడూ మంచిమాట వినని గజపాణి కూడా అలాగే చూశాడు.

"మరి లోయను ఎవరు చూస్తున్నారు?" అన్నాడు రాజు.

"అదే వచ్చిన చిక్కు. పట్టించుకునే అధికారి లేక లోయ ఇష్టమొచ్చినట్టు ప్రవర్తిస్తోంది. దానికీ ఒక అధ్యక్షుణ్ణి వేయాలి. బాటను ఇంత అదుపులో పెట్టిన గజపాణిగారి కంటే తగినవాళ్లు ఎవరున్నారు?"

గజపాణి ఉత్తరీయం సర్దుకున్నాడు. "ప్రభువుల ఆజ్ఞ అయితే రెండు పదవులూ మోస్తాను. నాకేం బరువు కాదు."

"కొత్త పదవికి కొత్త భవనం కూడా ఉండాలి" అన్నాడు బయ్యన.

"రెండంతస్తులది" అని గజపాణి సవరించాడు.

"రెండంతస్తులది. ముందు పూలతోట. అధికారి ఉద్యోగం ఉన్నచోటే కాపురం పెట్టాలి కాబట్టి భార్యాపిల్లలతో సహా మకాం అక్కడే."

"అది న్యాయమే" అన్నాడు గజపాణి.

"సరే, భవనం ఎక్కడ కట్టిద్దాం?" అన్నాడు రాజు.

"గద్దమలుపు కింద ప్రభూ. సరిగ్గా కింద. నేల చదునుగా ఉంటుంది. విరిగిన చక్రాలు, కాడిమానులు బోలెడు పడున్నాయి, వంటచెరకుకు వెతుక్కోనక్కర్లేదు. వానలు మొదలయ్యేలోపే గృహప్రవేశం చేయించేద్దాం."

గజపాణి మొహం పాలిపోయింది.

"అక్కడా? అక్కడెలా ఉంటాం ప్రభూ! పిల్లలు గలవాణ్ణి. నెత్తిమీద బళ్లు పడతాయి!"

బయ్యన చాలా ఆశ్చర్యపోయినట్టు అడిగాడు.

"బళ్లా? ఎక్కడి నుంచి పడతాయి స్వామీ?"

"ఇంకెక్కడి నుంచి? బాట మీది నుంచే!"

అన్నాక గానీ తను ఏమన్నాడో గజపాణికి తెలిసిరాలేదు. నోరు మూసుకున్నాడు. అప్పటికే ఆలస్యమైంది.

ముందుగా నవ్వింది రాజు. తర్వాత సభంతా నవ్వింది. పండితులు మాత్రం తర్కం ఎక్కడ తప్పిందో చూసుకుని కాస్త ఆగి నవ్వారు.

రాజు చాటింపువాళ్లను ఇంటికి పంపేశాడు. నూకాలుకు రాజుగారి కొట్టం నుంచి ఎడ్లజతను, కొత్త బండిని ఇప్పించాడు. ఆమె భర్త కోసం ఆస్థాన వైద్యుణ్ణి ఆ బండిలోనే పంపమన్నాడు. తర్వాత గజపాణి వైపు తిరిగాడు.

"భవనం సంగతి తర్వాత చూద్దాం. గోడ పూర్తయ్యేదాకా మీరు ఆ మలుపు కింద గుడారం వేసుకుని ఉండండి. గోడ ఎప్పటికి కట్టాలన్నది మీ ఇష్టానికే వదిలేస్తున్నాను."

"రేపే మొదలుపెడతాను ప్రభూ" అన్నాడు గజపాణి.

"ఎంతెత్తు కడతారు బాబూ?" అని అడిగింది నూకాలు.

"ఎద్దు కొమ్ములు కూడా కనపడనంత ఎత్తు!"

ఈసారి నూకాలు కూడా నవ్వింది. రాజు నవ్వు ఆపుకోలేక, మెడలోని ముత్యాలహారం తీసి బయ్యన మెడలో వేశాడు.