దాలమ్మ రాయనివ్వని నూనె

అనగనగా అనగానే మీకు రాజు గుర్తొస్తాడు. ఈ కథలో రాజు లేడు. ఘాటు రోడ్డు మొదట్లో ఒక తాటాకు పాక ఉంది. పాకలో ఒక పానా ఉంది. పానా పట్టుకుని దాలమ్మ ఉంది. ఎప్పటి మాటంటారా, పెట్రోలు సీసాల్లో పోసి అమ్మే కాలం నాటిది.

దాలమ్మ మొగుడు బళ్లు బాగుచేసేవాడు. అతను పోయాక పానా ఆమె చేతికొచ్చింది. ఆడది ముట్టుకుంటే ఇంజను మొరాయిస్తుందన్నారు ఊళ్లోవాళ్లు. ఇంజన్లు ఆ మాట వినలేదు.

పాక పక్కనే కొండదేవత రాయి. ఘాటెక్కే ప్రతి బండీ అక్కడ ఆగాల్సిందే. పూజారి గుమ్మన్న బండికి పసుపు పెట్టేవాడు, కుంకుమ పెట్టేవాడు, చివర్న దీపం నూనె రాసేవాడు. బండి మీద నూనె కనిపిస్తే అది దేవత నూనేనని అందరి నమ్మకం.

ఒకరోజు కాఫీ తోటల రామభద్ర దొర వచ్చాడు. దొర మీసం పెద్దది, మోటారు సైకిలు అంతకంటే పెద్దది. ఆ బండికి స్టీరింగ్ డ్యాంపర్ అని ఒక గొట్టం ఉండేది. లోపలంతా నూనె. జోరు మీద హ్యాండిలు పొగరుబోతు పొట్టేలులా తల విదిలించకుండా పట్టుకునేది అదే. కొండ మీద సంత మొదలయ్యేలోపు చేరతానని దొర పందెం కాశాడు. ఆ తొందరలో మలుపు దగ్గర పనసకాయల బండిని రాసుకున్నాడు. ఒక కాయ దొర్లింది. దొర దొర్లలేదు.

పూజ అయింది. దొర కదలబోతుంటే దాలమ్మ అడ్డం నిలబడింది.

"దొరబాబూ, ఒక్కపాలి హ్యాండిలు చూస్తాను."

"చిన్న దెబ్బే. తప్పుకో."

"దెబ్బ చిన్నదే బాబూ. లోయ పెద్దది."

వంగి చూసింది. గొట్టం చివర జిడ్డు.

"అది పూజ నూనె," అన్నాడు దొర.

"నేనే రాశాను. దొరగారని కాస్త ఎక్కువే రాశాను," అన్నాడు గుమ్మన్న.

దాలమ్మ ఆ జిడ్డు వేలితో తీసి వాసన చూసింది. "దీపం నూనె కాదు. మీ మీసం నూనె కూడా కాదు. గొట్టంలోది."

ముందు చక్రం ఎత్తి పెట్టి హ్యాండిలు ఎడమకి తిప్పింది. చల్ల చిలికినట్టు బరువుగా వచ్చింది. కుడికి తిప్పింది. సగం దాకా బరువు, ఆ పైన ఏమీ లేదు.

"గొట్టంలో కడ్డీ వంగింది. నూనె కారిపోయింది. పొద్దు వాలేలోగా బాగుచేస్తాను."

"నా పందెం?"

దాలమ్మ పానా అందుకుంది. హ్యాండిలు నడినెత్తిన ఉన్న పెద్ద నట్టు విప్పి కొంగున ముడేసుకుంది. అది లేకుండా బండి నడపలేరు.

దొర మొదట బుజ్జగించాడు. తోటలో పనిస్తానన్నాడు. "దెబ్బ చిన్నదే బాబూ. లోయ పెద్దది."

తర్వాత బెదిరించాడు. పాక పీకిస్తానన్నాడు. "దెబ్బ చిన్నదే బాబూ. లోయ పెద్దది."

మూడోసారి మాటల్లేవు. దొర మనుషులు పాక పీకేశారు. మొగుడు పాతిన వాసాలు. వాటి మీద అతని మసి చేతుల మరకలు ఇంకా ఉన్నాయి. దాలమ్మ చెయ్యి మాత్రం ముడి వదల్లేదు. ఎర్రటెండలో ఆ తాటాకుల కుప్ప మీదే కూర్చుంది.

"పాక అయిపోయింది. ఇంక పీకడానికి నా దగ్గర ఏటుంది బాబూ? ఇకమీదట భయపడాల్సింది మీరే."

దొర ఇంకా నమ్మలేదు, నట్టు ఇమ్మని చెయ్యి చాపాడు. దాలమ్మే లేచి నట్టు బిగించింది.

"నమ్మకపోతే ఘాటెక్కొద్దు. కింద చదును దారిలో మూడు గతుకులున్నాయి. మెల్లగా దాటి రండి. దాటితే మీ దారి మీది."

మెల్లగా అన్న మాట మీసాలకి వినపడదు కదా. మొదటి గతుకులో హ్యాండిలు తల విదిలించింది. రెండో గతుకులో దొర భుజాలు విదిలించింది. మూడో గతుకులో బండి ఒక పక్కకి, దొర ఒక పక్కకి. దొర పడింది నారుమడి బురదలో. అక్కడున్న గేదె కాస్త జరిగి చోటిచ్చింది.

దొర లేచి నిలబడ్డాడు. మీసం నిండా బురద. తలెత్తి ఘాటు వైపు చూశాడు. అక్కడ బురద లేదు. బురద ఉన్నది లోయ అడుగున, చాలా అడుగున.

బండి తోసుకుంటూ వచ్చాడు. "దాలమ్మా, బాగుచెయ్యి." ఆమెను పేరుపెట్టి పిలవడం అదే మొదలు.

"మరి పాక?"

"వేయిస్తాను."

"వేయించడం కాదు. వెయ్యండి."

వేశాడు. స్వయంగా వేశాడు. ఎంత బాగా వేశాడంటే దాలమ్మ పోయేదాకా ఆ కప్పు కారుతూనే ఉంది. ఎవరైనా మరమ్మతు చేస్తామంటే, "కారనీ. ఎక్కడ కారుతోందో తెలిస్తే చాలు," అనేది.

దాలమ్మ పోయింది, పాకా పోయింది. ఇప్పటికీ బండికి చిన్న దెబ్బ తగిలితే ఆ ఘాటు కింద ఆగుతారు. హ్యాండిలు మూడుసార్లు ఎడమకి, మూడుసార్లు కుడికి తిప్పుతారు. "దెబ్బ చిన్నదే, లోయ పెద్దది" అనుకుని గాని ఎక్కరు. కొండదేవత దగ్గర బండికి పసుపు పెడతారు, కుంకుమ పెడతారు. నూనె మాత్రం రాయరు. గొట్టం కారితే కనపడాలని దాలమ్మ ఆనాడే మాన్పించింది. కొత్త పూజారి ఎవరైనా నూనె గిన్నె తీస్తే చెయ్యి పట్టుకుంటారు. దేవత ఏమనుకుంటుందోనని అతను గొణిగితే, దేవతని బతిమాలుకోవచ్చు, దాలమ్మని బతిమాలలేం అంటారు.