వంకగడ్డ గీటుదాటమ్మ వెలసిన వైనం

ఈనాడు వంకగడ్డ కొత్త జిల్లాకు ముఖ్యపట్టణం. బస్టాండు నుంచి కలెక్టరు కార్యాలయానికి వెళ్లే దారిలో, సెల్‌ఫోను దుకాణాలకూ టిఫిను సెంటర్లకూ నడుమ ఒక చిన్న గుడి కనబడుతుంది. అందులో గొంతుకూర్చుని రెండు చేతులూ ముందుకు చాచిన శిలారూపమే గీటుదాటమ్మ. పొలిమేర కాయవలసిన తల్లి ఊరి నడిబొడ్డున ఎందుకున్నదని కొత్త భక్తులు అడుగుతుంటారు. తల్లి కదలలేదు. ఊరే ఆమెను దాటి పెరిగింది.

పూర్వం ఇక్కడ నలభై గడపలే ఉండేవి. ఊరి పక్క వంకలో నీరు ఎండేది కాదు, జొన్న బాగా పండేది, వచ్చినవారిని ఎక్కడివారని అడిగేలోపే అంబలి పోసేవారు. ఆ మాట విని కరువు ఊళ్ల నుంచి జనం వచ్చి చేరసాగారు. కొన్నేళ్లలో నలభై గడపలు రెండు వందలయ్యాయి. ఊళ్లో చోటు చాలక, బావులు తవ్వే తిప్పన్న, అతని భార్య సుంకమ్మ పొలిమేర రాయికి అవతల గుడిసె వేసుకున్నారు.

ఆ ఏడు చుట్టుపక్కల ఊళ్లకు గత్తర, అంటే కలరా, సోకింది. ఆ రోగం లోనికి రాకుండా ఊరిపెద్ద బసిరెడ్డి ఊరికి కట్టు కట్టించాడు. పాత పొలిమేర వెంబడి పసుపు, సున్నంతో గీటు గీసి, బలి నెత్తురు కలిపిన అన్నం పొలిగా చల్లారు. తొమ్మిది దినాలు లోపలివారు బయటికి పోరాదు, బయటివారు లోనికి రారాదు. ఎవరు దాటినా గత్తర వెంటబడి వస్తుందని అందరి భయం. తిప్పన్న గుడిసె గీటు బయటే మిగిలిపోయింది. సుంకమ్మకు అప్పటికి నెలలు నిండాయి.

ఊరికంతటికీ మంత్రసాని ఓబులమ్మ ఒక్కతే. మూడవనాటి వేకువన ఆమెకు కల వచ్చింది. కాళ్ల నిండా దుమ్ముతో ఒక ముత్తైదువ గీటుకు అవతల నిలబడి, "నన్ను బయట పెట్టి ఎవరి కోసం ఊరు కట్టారే?" అని అడిగింది. ఓబులమ్మ ఉలిక్కిపడి లేచింది గానీ ఆ మాట ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో పాలు తాగే మనవరాలు ఉంది, గీటు దాటితే గత్తర దానికెక్కడ సోకుతుందోనని భయం.

మధ్యాహ్నానికి తిప్పన్న గీటు దగ్గరికి పరుగున వచ్చి మోకరిల్లాడు.

"ఓబులమ్మత్తా! తెల్లారినప్పటి నుంచి నొప్పులు. బిడ్డ అడ్డం తిరిగినట్టుంది. నాకేం తోచడంలే!"

జనం గుమిగూడారు. ఓబులమ్మ మనవరాలిని కోడలి చేతికిచ్చి, ఆముదం గిన్నె తీసుకుని బయలుదేరింది. బసిరెడ్డి అడ్డంగా నిలిచాడు.

"ఓబులమ్మా, దాటితే మళ్లీ లోనికి రానీయను. నీ మనవరాలిని కూడా చూడలేవు."

"రానీయొద్దులే రెడ్డీ. ఆ తల్లీబిడ్డా చస్తే మాత్రం ఈ గీటు మనల్ని కాస్తాదా?"

ఆమె దాటింది. జనం కదలక అక్కడే నిలిచారు. పొద్దు వాలేదాకా గుడిసె నుంచి సుంకమ్మ మూలుగు తప్ప ఏదీ వినబడలేదు. తరువాత అదీ ఆగిపోయింది. ఆడవారు కొంగులు నోటికి అడ్డుపెట్టుకున్నారు. అప్పుడు బిడ్డ ఏడ్చింది.

తల్లీబిడ్డా దక్కారు. బిడ్డ మాయ పాతిపెట్టడానికి తిప్పన్న గుడిసె వెనుక తవ్వగా, చేతులు చాచిన శిల పలుగుకు తగిలింది. కలలో కనబడిన ముఖం ఇదేనని ఓబులమ్మ అప్పుడు చెప్పింది. అయినా ఊరి భయం తగ్గలేదు. మిగిలిన ఆరు దినాలూ తల్లులు గడియకొకసారి పిల్లల ఒళ్లు తడిమి చూసుకున్నారు. ఒక పిల్లకు వాంతి అయితే వాడంతా వణికిపోయింది. పచ్చి జామకాయలు తిన్నదని తేలాక గాని ఎవరూ ముద్ద మింగలేదు. తొమ్మిదవ దినం గడిచింది. ఎవరికీ ఏమీ కాలేదు. బసిరెడ్డి ఓబులమ్మ మనవరాలిని స్వయంగా ఎత్తుకువచ్చి ఆమె ఒడిలో పెట్టాడు. పాత గీటును తన కాలితోనే చెరిపి, గుడిసె, శిల లోపలికి వచ్చేలా కొత్త గీటు గీయించాడు.

నాటి నుంచి ఏటా శ్రావణమాసం మూడవ మంగళవారం ఊరి చుట్టూ గీటు గీస్తారు. ఒక్క గడప కూడా బయట మిగలరాదన్నది కట్టడి. ఇప్పుడు ఆ ప్రదక్షిణకు రెండు దినాలు పడుతోంది. కొత్తగా కాపురం పెట్టినవారు, నెలలు నిండిన స్త్రీలు ఆ పసుపును నుదుట ధరిస్తే తల్లి చల్లగా చూస్తుందని విశ్వాసం. ఏ ఇల్లు తప్పిపోయిందోనన్న బెంగతో పూజారిణి లక్ష్మక్క ఆ రెండు దినాలూ అన్నం ముట్టదు.

మొన్నటి ఏడు ఊరి చుట్టూ గీటు కలిపేశాక, బైపాసు రోడ్డుకు అవతల టార్పాలిన్ కింద వంట పొగ లేవడం ఆమె చూసింది. వెళ్లి చూస్తే ఇళ్లు కట్టే కూలీల కుటుంబం. మీ గుడారాన్నీ కలిపి గీటు గీస్తామన్నది లక్ష్మక్క.

"మేం వచ్చి నాలుగు దినాలే అయిందమ్మా, మాకెందుకు?" అన్నది ఆ ఇల్లాలు.

"నాలుగు దినాలా!" అని లక్ష్మక్క నొచ్చుకున్నది. "అయ్యో తల్లీ, అన్ని దినాలు బయటే ఉంచామా?" అని పసుపు పళ్లెం మళ్లీ చేతికెత్తుకున్నది.